వీపు ముక్క, పొట్ట ముక్క

గ్రీసులో మా కస్తోరియాలో కొండవాలు ఇళ్ళవాళ్ళు దూరాన్ని మైళ్ళలో చెప్పరు, మెట్లలో చెబుతారు. నవూమ్ ఇంటి నుంచి సరస్సు గట్టుకి డెబ్బై నాలుగు మెట్లు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అసిమీనా వాటిని రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగేది, వేసవిలో అయితే చంకలో పుచ్చకాయతో సహా. యాభై దాటేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఆవిడ జీవితం మొత్తంలో మొగుణ్ణి అడిగింది ఒక్కటే. కింద గట్టు పక్కన, సమానమైన నేల మీద, రెండు గదులు. తలుపు తీస్తే సంత ఉండాలి, నాలుగడుగులు వేస్తే చర్చి రావాలి, బెంచీ మీద కూర్చుంటే పలకరించడానికి నలుగురు మనుషులు కనిపించాలి. ఆ గదులకి కావలసిన డబ్బు కూడా ఆవిడే సంపాదించింది. అయినా ఇవాళ్టికీ పైనే ఉంది. ఎందుకు పైనే ఉండిపోయిందో చెప్పాలంటే నవూమ్ గురించి చెప్పాలి.

నవూమ్ చెడ్డవాడు కాడు. తాగి తూలడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు, ఒకరి సొమ్ముకి ఆశపడడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనడం. ఇందులో అసలు ఖర్మ ఏమిటంటే, ఒక్కోసారి ఆయన పట్టిన కుందేలుకి నిజంగానే మూడు కాళ్ళుండేవి.

మా ఊరి పని బొచ్చుతోలు పని. అందులోనూ నవూమ్‌ది ముక్కల పని. పెద్ద పెద్ద దేశాలవాళ్ళు మింకు అనే చిన్న జంతువు తోళ్ళతో కోట్లు కుట్టుకున్నాక మిగిలే చెత్తంతా బస్తాలకెత్తి మాకు పంపేవాళ్ళు. కాళ్ళ ముక్కలు, తోక ముక్కలు, గొంతు కింది ముక్కలు, కొన్నైతే వేలిగోరంత. వాటిని రంగు చూసి, బొచ్చు పొడవు చూసి, బొచ్చు ఏ వైపుకి వాలుతుందో చూసి ఏరి, ఒకదానికొకటి కలిపి బొంత కుట్టాలి. కుట్టిన బొంతని తడిపి, చెక్క మీద లాగి పరిచి, చుట్టూ మేకులు కొట్టి ఆరబెట్టాలి. ఆరాక చేత్తో నిమిరితే అదంతా ఒకే జంతువు ఒంటి మీది తోలనిపించాలి. అలా అనిపించకపోతే పని రానట్టే.

నవూమ్‌కి పదమూడేళ్ళప్పుడు తండ్రి నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. వీపు ముక్క పక్కన పొట్ట ముక్క కుట్టకూడదు. వీపు తోలు దళసరి, పొట్ట తోలు పల్చన. పొడిగా ఉన్నన్నాళ్ళూ రెండూ అన్నదమ్ముల్లా కలిసే ఉంటాయి. కొన్నవాడికి తేడా తెలియదు, అమ్మినవాడు డబ్బు జేబులో వేసుకుంటాడు. మొదటి వాన పడగానే వీపు బిగుసుకుంటుంది, పొట్ట సాగుతుంది, మధ్యలో కుట్టు ముడత పడుతుంది. ఆ ముడత ఇక ఏ మేకుకీ లొంగదు. తండ్రి అలాంటి బొంత ఒకటి కార్ఖానా గోడకి తగిలించి ఉంచాడు, కొడుకు రోజూ చూసి బుద్ధి తెచ్చుకోవడానికి. తండ్రి పోయాక కూడా నవూమ్ దాన్ని తియ్యలేదు.

ముక్కలు ఏరడం నవూమ్ పని, మిషన్ మీద కుట్టడం అసిమీనా పని. పిల్లలు లేరు. ఆ మిషన్‌ని కాలితో తొక్కాలి, మోకాలితో మీట నెట్టాలి. రోజుకి పది గంటలు, ముప్పై ఏళ్ళు. పెళ్ళైన మొదటి వారంలోనే ఆవిడ ఒక షరతు పెట్టింది.

"బయట ఆడది కుడితే వారానికి ఎంతిస్తావో నాకూ అంతే ఇవ్వు. పెళ్ళాన్ని కదా అని ఊరికే కుట్టించుకోకు."

నవూమ్ నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ప్రతి శనివారం సాయంత్రం పని ఆపి, బల్ల తుడిచి, ఆవిడ జీతం ఆవిడ అరచేతిలో పెట్టేవాడు. ఆవిడ ఆ నోట్లని ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి, దేవుడి పటం ముందు దీపం వెలిగించేది. శనివారం దీపం పెట్టడం అందరిళ్ళలోనూ ఉన్నదే. కానీ అసిమీనాకి ఆ రెండు పనులూ కలిసి ఒకటే పని అయిపోయాయి. డబ్బా నిండినప్పుడల్లా నవూమ్ చిన్న నోట్లు పట్టుకెళ్ళి పెద్ద నోట్లు తెచ్చి సర్దేవాడు. రెండు వేల ఒకటి చివరికి అందులో నాలుగు వందల నోట్లున్నాయి, ఒక్కొక్కటి పదివేల ద్రాక్మాలది, అప్పటి మా డబ్బు అదే. నోటు మీద కళ్ళజోడు డాక్టరుగారి బొమ్మ. గట్టు పక్కన రెండు గదులకి ఇంకొంచెం కలిపితే చాలు. అసిమీనా కిటికీ తెరల గుడ్డ కూడా చూసి పెట్టుకుంది.

అప్పుడొచ్చింది యూరో.

కొత్త సంవత్సరం రోజు అసిమీనా తమ్ముడు మెనెలావోస్ రొట్టె కొయ్యడానికి వచ్చాడు. మున్సిపాలిటీలో గుమాస్తా, మెడలో టై, మనసు నిండా ఐరోపా. ఆ రొట్టెలో నాణెం దాచి కాల్చడం, ఎవరి ముక్కలో వస్తే ఆ ఏడాది అదృష్టం వాళ్ళదనడం మా ఆనవాయితీ. ఆ ఏడు దాచడానికని మెనెలావోస్ ముందురోజే కొత్త యూరో నాణెం తెచ్చిచ్చాడు. నాణెం ఇంటి కోసమని వేరుగా కోసిన ముక్కలో వచ్చింది.

"చూశావా బావా, ఇంటికే వచ్చింది అదృష్టం. ఇక జర్మనీవాడి జేబులో ఏ డబ్బుందో నీ జేబులోనూ అదే డబ్బు," అన్నాడు మెనెలావోస్.

"డబ్బు అదేరా. జేబులే వేరు," అన్నాడు నవూమ్.

"మొదలెట్టావా?"

"కార్ఖానా గోడ మీద బొంత చూశావుగా. కుట్టినప్పుడు అది కూడా బ్రహ్మాండంగానే ఉంది. మీరూ బాగానే కుట్టారు. తడిపి చూశారా?"

"డబ్బుని తడపడమేంటి బావా?"

"వాన పడదా ఎప్పుడో ఒకప్పుడు? మనకి బేరాలు తగ్గినప్పుడల్లా ఇన్నాళ్ళూ ఏం జరిగింది? ద్రాక్మా కాస్త వదులయ్యేది. జర్మనీవాడికి మన కోటు చవకయ్యేది, తిట్టుకుంటూనో నవ్వుకుంటూనో మళ్ళీ వచ్చేవాడు. ఇప్పుడు వాడి వీపుకి మన పొట్టని కుట్టి మేకులు కొట్టేశారు. వాన పడితే సాగేది ఎవడు?"

"అప్పుడు కూలి తగ్గించుకుంటాం, ఖర్చు తగ్గించుకుంటాం. క్రమశిక్షణ వస్తుంది మనకి."

"అదేరా నేను చెప్పేది. డబ్బు వదులవ్వనప్పుడు మనిషి వదులవుతాడు."

అసిమీనా మధ్యలో వచ్చి ఇద్దరి ముందూ ఉల్లికాడల రొట్టె పెట్టింది. "మీ వీపులూ పొట్టలూ తర్వాత. నా డబ్బా ఎప్పుడు మారుస్తావు?"

"రేపే," అన్నాడు నవూమ్.

మర్నాడు వెళ్ళాడు కూడా. వ్యాపారం డబ్బు మార్చాడు. డబ్బాలో డబ్బు మార్చలేదు. ఆయన లెక్క ఆయనకుంది. ఈ కుట్టు రెండేళ్ళు నిలుస్తుంది, మహా అయితే మూడేళ్ళు. విడిపోయిన రోజున ఎవడి దగ్గర ద్రాక్మాలుంటే వాడిదే రాజ్యం. ఒక దేశానికి సరిపడా కొత్త నోట్లు రాత్రికి రాత్రి అచ్చు కావు కదా, పాతవే బయటికి తీసి వాడాలి. దీనికి ఆయన దగ్గర సాక్ష్యం కూడా ఉంది. వాళ్ళ తాత కాలంలో ఒకసారి ప్రభుత్వం చేతిలో డబ్బు లేక, జనం నోట్లని కత్తెరతో నిలువునా రెండు ముక్కలు చెయ్యమంది. సగం ముక్క ప్రభుత్వం అప్పుగా పుచ్చుకుంది, మిగిలిన సగం ముక్క బజార్లో సగం విలువకి చెల్లింది. కత్తిరించిన నోటే చెల్లిన దేశంలో కత్తిరించని నోటు చెల్లదా అని నవూమ్ వాదన. యుద్ధకాలంలో తల్లి బుట్టెడు నోట్లు పట్టుకెళ్ళి రొట్టె దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన కథ మాత్రం ఆయనకి గుర్తు రాలేదు. తనకి కావలసిన తాతనే మనిషి తల్చుకుంటాడు.

అసిమీనాతో, "మార్చాను. బ్యాంకులో వేశాను, భద్రంగా ఉంది," అన్నాడు. డబ్బాని కార్ఖానాలో మేకుల పెట్టె అడుగున పెట్టాడు. మోసం చేద్దామని కాదు. ఒకరోజు ఒకటికి రెండింతలుగా తెచ్చి ఆవిడ ఒళ్ళో పోసి ఆశ్చర్యపరుద్దామని.

ఆ తర్వాత అసిమీనా అడిగినప్పుడల్లా ఒక జవాబు ఉండేది. ఇప్పుడు ఇళ్ళ ధరలు మండిపోతున్నాయి, కాస్త తగ్గనీ అనేవాడు. తగ్గాక, ఇంకా తగ్గుతాయి, ఆగు అనేవాడు. అసిమీనా ఆగింది. ముప్పై ఏళ్ళు ఆయన ఏరిన ముక్కల్ని మారుమాట లేకుండా కుట్టిన మనిషి, ఈ మాటని కూడా అలాగే నమ్మింది. మొదట రోజుకి ఒకసారి కిందికి దిగేది, తర్వాత వారానికి ఒకసారి. తర్వాత పండగలకి, అదీ మెట్టు మెట్టుకీ రెండు పాదాలూ ఆనించుకుంటూ.

ముక్కల పని ఏటికేడాది సన్నగిల్లింది. యూరో బలిసింది, మా కోట్లు ఖరీదైపోయాయి. నిజం చెప్పాలంటే తప్పంతా యూరోది కాదు, ముక్కల బస్తాలు మా ఊరు రావడం మానేసి తిన్నగా చైనా పోవడం మొదలుపెట్టాయి. కానీ నవూమ్‌తో ఆ మాట అనేవాడెవడు? రెండు వేల పదిలో దేశం దివాలా అంచుకి వచ్చింది. జీతాలు కోశారు, పెన్షన్లు కోశారు, మెనెలావోస్ జీతంలో మూడోవంతు ఎగిరిపోయింది. నవ్విన నాపచేనే పండిందన్నట్టు, ఎనిమిదేళ్ళు నవూమ్‌ని చూసి నవ్విన కాఫీ హోటలు జనం ఆయనకి కుర్చీ జరిపి పెట్టసాగారు.

"రా ప్రొఫెసరూ, కూర్చో. వాన ఇంకెన్నాళ్ళు?"

"ఇది వాన కాదురా, తుంపర. కుట్టు ఇంకా విడలేదు," అనేవాడు నవూమ్, ముఖంలో సంతోషం దాచుకుంటూ. ఊరంతా ఏడుస్తున్నప్పుడు సంతోషంగా ఉండటం ఎంత పాపమో ఆయనకి తెలుసు. అయినా సంతోషంగానే ఉన్నాడు.

పాత నోట్లు మార్చుకోవడానికి ప్రభుత్వం పదేళ్ళు గడువిచ్చింది. రెండు వేల పన్నెండు మార్చి ఒకటి ఆఖరి రోజు. ఆ పొద్దున నవూమ్ మేకుల పెట్టె అడుగు నుంచి డబ్బా తీసి, సంచిలో పెట్టుకుని, ఆ నోట్లు తీసుకునే బ్యాంకున్న కొజానీకి బస్సెక్కాడు. ఎంతైనా భయం ఉంటుంది మనిషికి.

కొజానీ బ్యాంకు ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. అంతా ముసలివాళ్ళే. నవూమ్ ముందు నల్లబట్టల పల్లెటూరి ముసలమ్మ ఒకతె నిలబడి ఉంది, చేతిలో రుమాలు మూట.

"మా ఆయన దాచాడు నాయనా. నాతో చెప్పలేదు. పోయాక దేవుడి పటం వెనకాల దొరికాయి. ఓ రెండు నెలల వంటచెరుకు వస్తుందేమో," అంది ముసలమ్మ. "నీవి చాలా ఉన్నాయా?"

"నావి కావు. మా ఆవిడవి."

"మరి ఆవిడేదీ?"

"మెట్లు దిగలేదు."

"అయ్యో," అంది ముసలమ్మ. "పోనీలే, డబ్బొస్తే డాక్టరుకి చూపించు."

ఎదురు కాఫీ హోటల్లో టీవీ మోగుతోంది. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు కూర్చుని, గ్రీసు ఎండాకాలంలోగా యూరో నుంచి బయటపడుతుందని ఒకడూ, కాదు ఈస్టర్ లోగానే అని ఇంకొకడూ కొట్టుకుంటున్నారు. నవూమ్ విన్నాడు. వరస జరిగింది. ముసలమ్మ మూట విప్పింది, నోట్లు ఇచ్చింది, నాలుగు యూరో కాగితాలు తీసుకుని ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయింది. కౌంటరు కిటికీ వెనక అమ్మాయి పిలిచింది.

"రండి తాతా, ఎన్ని ఉన్నాయి?"

నవూమ్ డబ్బా బయటికి తీశాడు. మూత మీద చెయ్యి పెట్టాడు. ఈ డబ్బా ఇచ్చేస్తే పదేళ్ళుగా తను చెప్పిందంతా అబద్ధమని సంతకం పెట్టినట్టే. రేపు కుట్టు విడిపోతుంది, అందరూ ప్రొఫెసరూ అంటారు, ప్రొఫెసరు చేతిలో మాత్రం ఆ యూరోలే ఉంటాయి. మూడు నెలలు ఆగలేనివాడు పదేళ్ళు ఎందుకాగాడు?

"ఏమీ లేవమ్మా. వరస చూసి ఊరికే నిలబడ్డాను," అన్నాడు.

వెనకవాళ్ళు ఎవరో నవ్వారు. ఆయన బయటికొచ్చి, బస్సు దాకా నడిచి, డబ్బాని ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. నా మటుకు నాకు ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ కిటికీకీ ఆయనకీ మధ్య జానెడు దూరం లేదు.

ఈస్టర్ వచ్చింది, ఎండాకాలం వచ్చింది, ఇంకో రెండేళ్ళు గడిచాయి. కుట్టు విడలేదు. బాగుపడనూ లేదు. మా ఊరికి మిగిలిన ఒకే ఆధారం రష్యా బేరగాళ్ళు. గోరుచుట్టు మీద రోకటిపోటులా రూబులు పడిపోయింది, వాళ్ళూ రావడం మానేశారు. వాళ్ళ డబ్బుకి పడిపోయే వీలైనా ఉందిరా అన్నాడు నవూమ్. మరుసటి నెలలో కార్ఖానాకి తాళం వేశాడు. మిషన్‌ని పాత ఇనుము కింద అమ్మాడు. గోడ మీది బొంతనీ, మేకుల పెట్టెనీ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

రెండు వేల పదిహేను జూన్ ఆఖర్లో ఒక సోమవారం బ్యాంకులు తెరవలేదు. డబ్బులిచ్చే ఏటీఎంల దగ్గర వరసలు, మనిషికి రోజుకి అరవై యూరోలు. ఆదివారం ఓటింగు, దేశానికి అప్పిచ్చినవాళ్ళ షరతులకి ఒప్పుకుందామా వద్దా అని. ద్రాక్మా వస్తోందని పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరి నోటా అదే మాట. నవూమ్ ఆ వారం పదేళ్ళు చిన్నవాడైనట్టు మెట్లు దిగాడు.

ఆ వారంలోనే గట్టు పక్కన ఎవాంథియా అనే విధవ తన రెండు గదులూ అమ్మకానికి పెట్టింది. లారిస్సాలో చెల్లెలి దగ్గరికి పోవాలి, త్వరగా పోవాలి. పదకొండు వేలకి ఇచ్చేస్తానంది. ఈ కబురు తెచ్చింది మెనెలావోసే. అసిమీనా మరి ఆగలేదు. తమ్ముడి భుజం పట్టుకుని, కొన్ని మెట్లు నిలబడి, కొన్ని మెట్లు కూర్చుని జరుగుతూ, కిందికి దిగింది. గదులు చూసింది. కిటికీలో నుంచి నీళ్ళు కనిపించాయి. ఎవాంథియా కాఫీ ఇచ్చింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని, ఎన్నాళ్ళయిందో చూసి అని మాట్లాడుకున్నారు. తిరిగి ఎక్కడానికి గంట పట్టింది. ఇంట్లోకి వచ్చేసరికి చెమటతో తడిసిపోయి ఉంది, ముఖం మాత్రం పెళ్ళికూతురి ముఖంలా ఉంది.

"బ్యాంకులు మూసినా ఒకళ్ళ ఖాతాలోంచి ఇంకొకళ్ళ ఖాతాలోకి వెయ్యొచ్చటగా, తమ్ముడు చెప్పాడు," అంది. "ఎవాంథియా నోట్లు కూడా అడగలేదు. ముందు బ్యాంకు పుస్తకం చూపించండి చాలు, తాళాలిస్తాను అంది. పుస్తకం ఎక్కడుంది?"

"చూస్తాలే," అన్నాడు నవూమ్. "ఆదివారం ఓటు అవ్వనీ."

"ఆదివారానికీ నా గదులకీ ఏంటి సంబంధం?"

నవూమ్ టోపీ పెట్టుకుని కిందికి వెళ్ళాడు. ఏటీఎం ముందు వరసలో మెనెలావోస్ ఉన్నాడు. నవూమ్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"ఒరే మెనెలా, నువ్వు ఆఫీసు మనిషివి కదా. ద్రాక్మా వస్తే పాత నోట్లు ఎలా తీసుకుంటారు? ముద్ర కొడతారా?"

"పాత నోట్లేంటి బావా?"

"పాతవే. డాక్టరు బొమ్మవి."

"అవి చచ్చి మూడేళ్ళయింది కదా. వస్తే గిస్తే కొత్త ద్రాక్మా వస్తుంది, కొత్తగా అచ్చేస్తారు. పాతవాటితో ఇల్లు తుడుచుకోవడమే. అయినా ఇన్నాళ్ళు పాతవి దాచుకు కూర్చున్న వెర్రివాడు ఎవడుంటాడు?"

మెనెలావోస్ నవ్వుతూ తల తిప్పి బావ ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఎన్ని బావా?" అన్నాడు మెల్లిగా.

"నాలుగు వందలు."

"అక్కవా?"

నవూమ్ తలూపాడు. వరస ముందుకి కదిలింది. ఇద్దరూ కదల్లేదు. వెనకావిడ, "నడవండయ్యా, అరవై కూడా అయిపోతాయి," అంది.

ఇంటికి ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. మేకుల పెట్టె అడుగు నుంచి డబ్బా తీసి, అసిమీనా ముందు బల్ల మీద పెట్టి, మూత తీశాడు. ఆవిడ చాలాసేపు చూసింది. డబ్బా గుర్తుపట్టింది. నోట్లూ గుర్తుపట్టింది.

"ఇవి మార్చానన్నావు," అంది.

"లేదు."

"కొజానీ వెళ్ళొచ్చావు కదా ఒకసారి. తోలు చూడ్డానికన్నావు."

"దీనికే వెళ్ళాను. కిటికీ దాకా వెళ్ళాను. ఇవ్వలేదు. విడిపోతుందనుకున్నాను. వీపూ పొట్టా ఎన్నాళ్ళు కలిసుంటాయి? నేను చెప్పింది తప్పు కాదే. నువ్వూ చూస్తున్నావుగా, ఎట్లా ముడతపడిందో."

"తప్పు కాదు," అంది అసిమీనా. "నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ పందెంలో నీదేమీ పెట్టలేదు నువ్వు. నా మోకాళ్ళు పెట్టావు."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నవూమ్ బతికిపోయేవాడు. ఆదివారం జనం వద్దని ఓటేశారు, నవూమ్ కూడా వద్దనే వేశాడు. వారం తిరక్కుండా ప్రభుత్వం సరేనని సంతకం పెట్టింది. ద్రాక్మా రాలేదు. ఎవాంథియా గదులు ఎవరో ఫ్లోరినా ఊరి మనిషి కొనుక్కున్నాడు, పడవ సామాన్లు పెట్టుకోవడానికి.

ఆ శనివారం సాయంత్రం అసిమీనా దేవుడి పటం ముందు కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపింది.

"శనివారం," అంది.

నవూమ్‌కి మొదట అర్థం కాలేదు. "నా జీతం," అంది. ఆయన డబ్బా తెచ్చి, ఒక నోటు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని సన్నగా చుట్టి, పొయ్యి దగ్గర అంటించి, ఆ మంటతో దీపం వెలిగించింది. డాక్టరుగారి కళ్ళజోడు నల్లగా ముడుచుకుపోయింది. మళ్ళీ శనివారం మళ్ళీ చెయ్యి చాపింది.

మొదట్లో నవూమ్ ఇది కోపం అనుకున్నాడు, తగ్గుతుందనుకున్నాడు. అది కోపం కాదు. వారమంతా ఆవిడ మామూలుగానే మాట్లాడేది. చిక్కుడు గింజలు నానబెట్టమనేది, కిటికీ వెయ్యమనేది, నీ చొక్కా మాసింది విప్పు అనేది. శనివారం మాత్రం చెయ్యి చాపేది. ఆయన సంత నుంచి ఉల్లిపాయలు మోసుకొచ్చేవాడు, గ్యాసు బండ మోసుకొచ్చేవాడు, కింద ఎవరు పోయారో ఎవరికి పెళ్ళయిందో ఆ కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. మనుషుల్ని మోసుకురాలేకపోయాడు. ఆవిడ డెబ్బై నాలుగు మెట్ల పైన కిటికీ దగ్గర కూర్చుని, బెంచీ మీద చేరే వాళ్ళని తలల్ని బట్టి గుర్తుపట్టడం నేర్చుకుంది.

ఈ రెండు వేల ఇరవై మూడు జనవరిలో మెనెలావోస్ కర్ర పట్టుకుని పైకి వచ్చాడు. అతనూ రిటైరయ్యాడు, అనుకున్న పెన్షన్‌లో సగం వస్తుంది.

"బావా, క్రొయేషియావాళ్ళు కూడా యూరోలో చేరారు. ఇరవై ముక్కలయ్యాయి," అన్నాడు.

"వీపా, పొట్టా?" అన్నాడు నవూమ్.

"పొట్టే."

ముసలాళ్ళిద్దరూ నవ్వారు. లోపలి గదిలోంచి అసిమీనా నవ్వు వినపడలేదు. నవూమ్ తల తిప్పి గోడ మీది తండ్రి బొంతని చూశాడు. అరవై ఏళ్ళ కిందట ముడతపడిన కుట్టు అది, ఇంకా విడలేదు. ముడతపడ్డ కుట్టు విడిపోయి తీరుతుందని తండ్రి ఎప్పుడూ అనలేదని ఆయనకి ఆ రోజు తట్టింది. లొంగదని మాత్రమే అన్నాడు. విడిపోతుందన్నది నవూమ్ సొంతంగా కలుపుకున్నాడు. ఈ మాట మెనెలావోస్‌కి కూడా చెప్పలేదు.

మార్చిలో ఒక శనివారం. బయట మంచు కరిగి మెట్ల మీద నీళ్ళు కారుతున్నాయి. అసిమీనా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. నవూమ్ డబ్బా మూత తీశాడు. తెలిసినా తీశాడు, కిందటి వారమే ఆఖరిది ఇచ్చాడు. డబ్బాని ఆవిడకి కనపడేలా వంచాడు.

"అయిపోయాయి అసిమీనా," అన్నాడు.

ఆవిడ డబ్బా వైపు చూడలేదు. ఆయన ముఖంలోకే చూసింది. చెయ్యి చాపే ఉంది, సూది పోట్లతో గరుకెక్కిన అరచెయ్యి.

"మరి నా జీతం?" అంది.

నవూమ్ జేబులు తడుముకున్నాడు. ఓ రెండు యూరో నాణేలు తగిలాయి, రొట్టెకని ఉంచుకున్నవి. తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అసిమీనా వాటిని కాసేపు చూసి, బల్ల మీద ఆయన వైపుకి జరిపింది.

"ఇవి అంటుకోవు," అంది.

ఆ సాయంత్రం దీపం పెట్టలేదు.